పుల్లీ మీద ఇత్తడి బిళ్ళ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమంటే, కుప్పంలో మా ఆయన గ్రానైటు కోసే ఆ నిలువెత్తు రంపపు చక్రం ఒకరోజు ఊడి ఆయన మీదికి వస్తుందని, కాన్పుకు పుట్టింటికి పుంగనూరు రాకముందు నుంచీ ఉన్న భయమే ఇది, ఇప్పుడు ఎస్టీడీ బూత్‌లో మూడు నెలల పిల్లను చంకనేసుకుని నిలబడితే మరీ ఎక్కువైంది, ఫ్యాక్టరీలో ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తరు, ఆ రొదలో ఏం వినిపిస్తుంది, పిల్ల నా గాజులు లాగుతోంది, నాకేమో చెంబు గుర్తొస్తోంది, బేరింగు మీద నిండు చెంబు పెట్టి నీళ్ళలో అలలు చూస్తాడు మా వెంకటేశులు, మిషన్ నాడి పట్టడం అంటాడు దాన్ని, పోయిన వారం ఉత్తరంలో రాశాడు, పుల్లీ పక్క బేరింగు మీద ఇప్పుడు అలలు కాదు ఉషా, నీళ్ళే ఎగిరి దూకుతాండాయి, నువ్వు లేవని దీనికీ బెంగేమో అని, ఇట్లాంటి దాంట్లో కూడా పరాచికమేనా మనిషికి.

ఆ ఉత్తరం మా తమ్ముడు గిరీష్ చదివాడు, మదనపల్లెలో ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం, నా చదువు తొమ్మిదితో ఆగినా వాడికి ఎక్కాలు నేర్పింది నేనే, వాడి ప్రాజెక్టు బావ మిషనే, తిరిగే యంత్రం ఎట్లా వణుకుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టడం, నాకేం అర్థమవుతుందిరా అంటే సైకిల్ బోర్లించి, చక్రం అంచుకు బంకమట్టి ముద్ద అంటించి పెడల్ తిప్పాడు, మెల్లగా తిప్పితే ఏమీ లేదు, ఇంకొంచెం తిప్పితే సైకిలంతా గెంతింది, ఒరే, నా గచ్చు పగలగొడతాండావేందిరా అని అమ్మ వంటింట్లోంచి అరిచింది, ఇంకా జోరుగా తిప్పితే సర్దుకుంది, సూడక్కా, ప్రతి మిషన్‌కూ తనదంటూ ఒక ఊపు ఉంటాది, ఒక పక్క బరువు పడి సరిగ్గా ఆ ఊపులో తిరిగితే ఇంక పట్టలేం అన్నాడు, ఉయ్యాల కూడా అంతే కదరా, దాని వేళకు తోస్తే చిటికెనవేలు చాలు, వేళ తప్పితే రెండు చేతులూ చాలవు అన్నాను, వాడు నోరు తెరిచి, మా సారు రెండు వారాలు చెప్పింది నువ్వు పిల్లను జోకొడతా సెప్పేస్తివే అక్కా అని నవ్వాడు, ఆ నవ్వు ఇంకా నా కడుపులో చల్లగానే ఉంది.

కానీ ఈ పొద్దున వాడు లెక్క పట్టుకుని వచ్చాడు, పుల్లీ అంచున పావు కిలో బరువు కొత్తగా చేరినట్టుండాది అక్కా, బావను ఫోన్లో అడిగితే ఏమీ లేదంటాండాడు, యాల దాస్తాండాడో అన్నాడు, అది పెట్టించింది నేనే, ఆయుధపూజ నాడు, చౌడేపల్లె గుడిలో పూజ చేయించి తెచ్చిన ఇత్తడి బిళ్ళ, మూత లోపల ఎవరి కంటా పడకుండా, రంపపు చక్రాన్ని తిప్పే ఆ పుల్లీ అంచుకు ఆయన చేతే బోల్టు వేయించాను, తిరిగినంతసేపూ దేవుడు ఆయన చుట్టూ కాపలా కాయాలని, నేను వచ్చేదాకా తీయనని కడుపులోని బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాను, పిచ్చి మారాజు, వణికే మిషన్ ముందు నిలబడి నా మాట నిలబెడుతున్నాడు, చెబితే గిరీష్ తల పట్టుకున్నాడు, దేవుణ్ణి కూడా కట్టేసి గిరగిరా తిప్పుతాండావా అక్కా అన్నాడు, అంటూనే బస్టాండుకు పరిగెత్తాడు, వాడు కుప్పం చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, ఆయన షిఫ్టు ఇప్పుడే మొదలు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది, పిల్ల నా భుజం మీద నిద్రపోయింది, నా గుండె దడకు కూడా లేవకుండా, మిషన్ వణుకుతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను, ఆ భయాన్నే తీసుకెళ్ళి మిషన్‌కు బిగించి వచ్చానని ఇప్పుడు తెలిసింది, ఒట్టు వేయించింది నేను, విప్పాల్సిందీ నేనే, ఆయన గిరీష్ మాటకు తీయడు, నా మాటకే తీస్తాడు, మీలో ఎవరైనా కుప్పంలో ఉంటే ఆ ఫ్యాక్టరీ దాకా పోయి మా వెంకటేశులు ఎట్లా ఉన్నాడో ఒక్కసారి చూడండి, మిషన్ ఆపించి, ఉషారాణి ఒట్టు తీసేసిందని చెప్పండి, బిళ్ళ విప్పి చొక్కా జేబులో వేసుకోమనండి, అక్కడైతే ఎంత బరువున్నా ఏమీ కాదు.