మైనం పూల తీగ

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టేది. పొద్దస్తమానం ఒక కన్ను మూసి, అద్దాన్ని వెలుతురుకెత్తి చూసే పని. ఇంటికొచ్చాక కూడా ఆమెకు లోకం అంచులు కరిగినట్టు, కాస్త చెమ్మగిల్లినట్టు కనిపించేది. ఆ మసకలోనూ తేటగా కనబడేది కిటికీ పక్క తాడు పట్టుకుని పాకిన తీగ ఒక్కటే.

అది వాళ్ళమ్మది. ఆకులు దళసరిగా, తాకితే చల్లగా, మైనం పూసినట్టుండేవి. నాన్నకు బదిలీ అయినప్పుడల్లా అమ్మ ఆ కుండీని ఒళ్ళో పెట్టుకునే ప్రయాణం చేసేది. "నక్షత్రాల్లాంటి పూలు పూస్తుందటే ఇది" అని మురిసిపోయేది. ఎన్నేళ్ళు చూసినా మొగ్గైనా తొడగలేదు. ఆ పూలు చూడకుండానే అమ్మ వెళ్ళిపోయింది.

భర్త బస్సు డ్రైవరు. "ఆకులకే ఇంత మురిపెమా! ఇక పూలు పూస్తే నన్ను బయటికి గెంటేస్తావేమో" అని ఆటపట్టించేవాడు.

ఒక ఏడాది ఆకులు పాలిపోవడం మొదలుపెట్టాయి. ఆ దిగులులోనే ఉండగా, కళ్ళజోడు మార్చుకోవడానికి ఒక పెద్దాయన దుకాణానికి వచ్చాడు. రైలు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. మాటల్లో తీగ సంగతి విని, "ఆదివారం పొద్దున మా మొక్కల సంఘానికి పట్టుకురామ్మా. అందరం పిచ్చివాళ్ళమే, నువ్వేం మొహమాటపడక్కర్లేదు" అన్నాడు.

సంఘం కూడేది మూతపడిన ఒక పాత ఫొటో స్టూడియో పై అంతస్తులో. కరెంటు దీపాలు రాని రోజుల్లో ఎండ వెలుతురుకే ఫొటోలు తీసేవారు కాబట్టి ఆ గదికి అద్దాల కప్పు ఉంది. లోపల అడుగుపెట్టగానే ఆమె నిలబడిపోయింది. ఫొటోలకి వెనక కట్టే, కొండా సరస్సూ గీసిన తెర ఇంకా గోడకి వేలాడుతోంది. దాని ముందు వరసలు వరసలుగా కుండీలు. ఎక్కడ బొమ్మ అయిపోయిందో, ఎక్కడ నిజం ఆకులు మొదలయ్యాయో పోల్చుకోలేకపోయింది. గాలిలో తడిమట్టి వాసన. జనం మాట్లాడుకుంటున్నా నీళ్ళ అడుగునుంచి వినిపిస్తున్నట్టుంది.

గార్డుగారు వేళ్ళతో మట్టి తడిమి చూశాడు. "దీనికి కావలసింది వెలుతురమ్మా. కిటికీకి ఇంకాస్త దగ్గరికి జరుపు" అని, కత్తెర చేతికిచ్చాడు. "కొత్తగా చేరినవాళ్ళు తమ మొక్క కొమ్మలు మిగతావాళ్ళకి పంచాలి. అదే మా చందా."

ఆమె కుండీని దగ్గరికి లాక్కుంది. "అమ్మ తీగండీ ఇది. నా వేలు కోసుకున్నట్టుంటుంది."

"కోసిన చోటే మళ్ళీ చిగురేస్తుంది. భయపడకు."

కళ్ళు మూసుకుని కత్తిరించింది. ఒక ముక్క దర్జీ తీసుకున్నాడు, ఒకటి సంగీతం టీచరు, ఒకటి రాత్రి డ్యూటీలు చేసే నర్సు.

తర్వాత ఆదివారాలన్నీ ఆ పచ్చటి వెలుతురులోనే గడిచాయి. దుకాణంలో అద్దాల అంకెలు తప్ప పెద్దగా మాట్లాడని మనిషి, అక్కడ పురుగుల గురించి వాదులాడేది, పకపకా నవ్వేది. ఇంట్లో తీగ కూడా కోలుకుని కిటికీ అంతా అల్లుకుంది.

రెండు వానాకాలాలు గడిచాక, వాళ్ళక్కకు ఆపరేషనైతే తోడుండడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర తాడు మాత్రమే ఉంది. కుండీలో నల్లగా మెత్తబడిన కాడలు.

"బెంగపెట్టుకుందేమో అని పూటపూటా నీళ్ళు పోశానే" అన్నాడు భర్త. "వాడిపోతున్నకొద్దీ ఇంకాస్త పోశాను."

ప్రేమగా పోసిన నీళ్ళకే వేళ్ళు కుళ్ళిపోయాయి. ఆమె అతన్ని ఒక్క మాటా అనలేదు. అసలు మాట్లాడడమే తగ్గించేసింది. ఆదివారం వచ్చినా గడప దాటలేదు.

అతను ఇక తట్టుకోలేక, ఆమెకు చెప్పకుండా యూనిఫాంతోనే స్టూడియో మెట్లెక్కాడు. "మా ఆవిడ తీగని నేను చంపేశానండీ" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. ఎవరూ నవ్వలేదు. సంగీతం టీచరు కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. "మేమందరం ఏదో ఒకదాన్ని చంపినవాళ్ళమే బాబూ" అంది.

ఆ సాయంత్రమే నర్సు వాళ్ళింటికొచ్చింది. "అక్కా, చెప్పులేసుకో. ఎక్కడికని అడక్కు."

మొదట దర్జీ ఇంటికి వెళ్ళారు. అక్కడ తీగ కుట్టుమిషను దీపం చుట్టూ చిన్న చిన్న ఆకులతో ముద్దుగా చుట్టుకుంది. టీచరు ఇంట్లో హార్మోనియం మీదుగా పాకి, అరచేతులంత ఆకులు వేసింది. ఒకే తల్లి బిడ్డలు వేర్వేరు ఇళ్ళలో పెరిగినట్టున్నాయవి. ఆమె ఒక్కొక్క ఆకునీ నిమిరింది.

నర్సు గది తలుపు తీయగానే తియ్యటి వాసన ఎదురొచ్చింది. "నిన్న డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే కలలో ఏదో వాసనేసిందక్కా. లేచి చూస్తే కల కాదు" అంది నర్సు.

కిటికీలో, వాలుటెండలో, గుత్తి వేలాడుతోంది. లేత గులాబి నక్షత్రాలు, ఒక్కొక్క దాని నడుమ మరో చిన్న ఎర్ర నక్షత్రం. అలవాటు కొద్దీ ఆమె ఒక కన్ను మూసి చూసింది. తర్వాత రెండు కళ్ళూ తెరిచింది. రెండింట్లోనూ నీళ్ళు. పువ్వు అంచున తేనెబొట్టు నిలిచి ఉంటే వేలితో అందుకుని నాలుకకు రాసుకుంది.

వెనక అలికిడైంది. నర్సు రమ్మంటే వచ్చిన భర్త, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు.

"లోపలికి రండి" అంది. ఎన్నాళ్ళకో ఆమె నోట వచ్చిన మాట. "చూడండి, ఎలా ఉన్నాయో!"

"దూరం నుంచే చూస్తాలే. నా చెయ్యి తగలకూడదు."

ఆమె వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పూలగుత్తి కింద దోసిలి పట్టించింది. స్టీరింగు పట్టి కాయలు కాసిన ఆ చేతులు కదలకుండా ఉండిపోయాయి. ఎండ వాలుతూ, గోడ మీద పూల నీడలు మెల్లగా పెద్దవవుతున్నాయి. నర్సు వాళ్ళ వెనకే చాప పరిచి, గోడకు ఆనుకుని, అలాగే నిద్రలోకి జారుకుంది.