పసుపు జెండా దిగేదాకా

టోంగా దీవుల నుంచి మా తెరచాప పడవలో బయలుదేరిన పదకొండో రోజు సాయంత్రం మా దేశంలోని ఓపువా రేవు చేరాం. కస్టమ్స్ వాళ్లు మర్నాడు ఉదయం గాని రారు. వాళ్లు పడవంతా చూసి సరేననే దాకా, తనిఖీ ఇంకా కాలేదని చెప్పే పసుపు జెండా దించకూడదు, మేము ఒడ్డున అడుగు పెట్టకూడదు.

పాతిక గజాల నీళ్లకు అవతల, ఒడ్డున మా అమ్మాయి బ్రైడీ నిలబడి ఉంది. చంకలో మూడు నెలల పాప. మేము దీవుల్లో తిరుగుతుండగా పుట్టింది. నేనింకా ఎత్తుకోనేలేదు.

"అమ్మా, చిన్న పడవ దించుకుని వచ్చెయ్! ఎవరు చూస్తారు?" అని అరిచింది.

నా చెయ్యి చిన్న పడవ తాడు మీదికి పోయింది.

"ఇన్నాళ్లు ఆగావు, ఒక్క రాత్రి ఆగలేవా?" అన్నాడు నా భర్త మర్డో.

"నీకేం తెలుస్తుంది? తొమ్మిది నెలలు మోశావా?"

"నువ్వూ మొయ్యలేదుగా. మోసింది బ్రైడీ."

తాడు వదిలేసి బైనాక్యులర్స్ తీశాను.

"దాని టోపీ తియ్యవే!" అని అరిచాను. తీసింది. రాగి రంగు జుట్టు, కాస్తే ఉంది.

"పాదాలు చూపించు!"

బ్రైడీ మేజోళ్లు లాగేసింది. అద్దాల్లో ఆ వేళ్లు ఎంత దగ్గరగా కనిపించాయంటే, చెయ్యి చాచాను. చేతికి చల్లటి గాలి మాత్రమే తగిలింది.

"ఏమే, ఈ చలిగాలిలో పసిదానికి మేజోళ్లు విప్పుతావా? ముందు తొడుగు!"

"వచ్చేసిందమ్మా మీ అమ్మమ్మ!" అంది బ్రైడీ పాపతో, నాకు వినపడేంత గట్టిగా.