యాభై రెండు కిలోల బంగారం

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటాం. మొక్కున్న మనిషిని తూకంలో కూర్చోబెట్టి, ఎంత బరువు తూగితే అంత బెల్లం సమ్మక్క తల్లి గద్దెకు సమర్పిస్తాం. దాన్నే నిలువెత్తు బంగారం అంటారు. నాకు ఆ తల్లి పేరే పెట్టారు, సమ్మయ్య అని. ఇల్లందులో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా పని చేశాను.

డెబ్బై ఎనిమిదిలో మా పెద్దబిడ్డ పుట్టినప్పుడు నా భార్య భద్రమ్మకు కాన్పులో ఫిట్స్ వచ్చాయి. రెండు రోజులు తెలివిలో లేదు. దవాఖానా వరండాలో మా అమ్మ కొంగు పరిచి మొక్కింది.

"తల్లీ, నా కోడలు బతికి బయటపడితే, నా పాణం ఉన్నన్ని దినాలు జాతర జాతరకు దాని నిలువెత్తు బంగారం ఇస్త."

భద్రమ్మ బతికింది. అప్పటి నుంచి రెండేళ్లకొకసారి జాతర రాగానే కిషన్‌లాల్ బెల్లం దుకాణంలో ఆమెను తూచడం మా ఇంట్లో పెద్ద పండుగ. మొదటిసారి నలభై ఎనిమిది కిలోలు. తరువాతి జాతరకు యాభై ఒకటి. ఎనభై నాలుగులో మాత్రం అరవై మూడు తూగింది. మధ్యలో రెండో కాన్పు, బాలింత తిండి, ఇక పిల్లలు చాలని ఆపరేషను, ఆ మీదట వరుసగా పండుగలు. మా అమ్మ తూకం ముందే చేతులు జోడించింది.

"చూసినవా, తల్లి తన బంగారం తనే పెంచుకుంది!"

నేనూ సంతోషపడ్డాను. భార్య ఒళ్లు చేస్తే భర్త బాగా చూసుకుంటున్నాడని బాయి మీద అందరూ అనేవాళ్లు. అది మెప్పుగానే తీసుకున్నాను.

ఆ జాతర నుంచి వచ్చాక భద్రమ్మకు తలనొప్పి తగ్గలేదు. దవాఖానాలో నర్సు నిర్మలాదేవి బీపీ చూసి, పాత కాన్పు సంగతంతా అడిగి, నాతోనే గట్టిగా చెప్పింది.

"పది కిలోలన్న తగ్గాలె. తగ్గినంక మళ్ల పెరగనియ్యొద్దు. గోలీలు నేనిస్త, నోరు మీరు చూసుకోండ్రి. మళ్ల ఫిట్స్ వస్తే ఈసారి ఏమైతదో నేను చెప్పలేను."

భద్రమ్మ మందు చీటీ మడిచి రవికెలో పెట్టుకుంది. దారిలో ఒకటే మాట అంది. "ఇద్దరు పిల్లలున్నరు నాకు."

ఆ రెండేళ్లలో నేను చూసింది చెప్తాను. ఆమె పస్తులుండలేదు. వారానికొక శనివారం తప్ప ఉపవాసమూ లేదు. పొద్దున పిల్లలు వదిలేసిన అన్నం పారేయలేక తాను తినే అలవాటు మానింది. ముందే వాళ్లకు తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ పెట్టేది. రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర. పాలకు, రేషనుకు, అన్నిటికీ నడకే. పండుగ వస్తే సకినాలు, అరిసెలు అన్నీ చేసేది. కానీ డబ్బాలకెత్తేది కాదు. తెల్లారేసరికి చుట్టుపక్కల క్వార్టర్లకు పంచేసేది.

"పండుగ ఒక్కనాడే గదా," అనేది. "డబ్బా ఇంట్ల ఉంటే నాకు నెల దినాలు పండుగే."

బతుకమ్మ ఆట దగ్గర ఆడవాళ్లు సత్తుపిండి ముద్దలు చేతిలో పెడితే ఒకటి కళ్లకద్దుకుని తినేది. రెండోది పక్కావిడకు ఇచ్చేది. "సమ్మయ్య తిండి పెడ్తలేడా ఏందే?" అని వాళ్లు ఎగతాళి చేస్తే, "ఆయనకు పెట్టేసరికే అయిపోతది," అనేది. అప్పటికి నా పొట్ట కూడా చెప్పుకోదగ్గదే.

ఎనభై ఆరు జాతర వచ్చింది. కిషన్‌లాల్ తూకంలో భద్రమ్మ కూర్చుంది. యాభై రెండు.

"తక్కువుంది. మళ్ల చూడు," అంది అమ్మ.

"అమ్మా, రెండుసార్లు చూసిన. అనుమానముంటే నువ్వు కూసో," అన్నాడు కిషన్‌లాల్.

"నేను కూసుంటే నీ గొలుసులు తెగుతయ్ గాని, సక్కగ తూయ్!"

మూడోసారీ యాభై రెండే. అమ్మ దుకాణం మెట్టు మీద కూలబడింది. కోపం కన్నా భయం ఎక్కువ కనిపించింది ఆమె ముఖంలో.

"తల్లికి పోయే పదకొండు కిలోలు మింగినవ్ గదే! దేవతనే మోసం చేస్తివి!"

"మింగలే అత్తా," అంది భద్రమ్మ. "మింగకనే తగ్గిన."

కిషన్‌లాల్ నవ్వు ఆపుకోలేక బెల్లం ముద్దల వైపు తిరిగాడు. నేను మధ్యలో దూరి, పోయినసారి లెక్కనే అరవై మూడు పెట్టమన్నాను. గొడవ తీరుతుందనుకున్నాను. భద్రమ్మ ఒప్పుకోలేదు.

"అది నా నిలువెత్తు కాదు. తల్లి ముంగట అబద్ధమైతది. అత్తా, నువ్వు మొక్కింది నేను బతకాలని గదా? బతకనీకే తగ్గిన."

అమ్మ మెట్టు మీంచి లేచింది. మా ఇంటి పద్ధతి ప్రకారం మొక్కినవాళ్లే గద్దె ముందు మనిషి పేరు, బరువు పైకి చెప్పాలి. అప్పుడే మొక్కు తీరినట్టు. "ఆ తక్కువ లెక్క నా నోటితోని చెప్ప. ఏమన్న కీడైతే మీరే పడాలె," అని అమ్మ బండెక్కింది.

కారేపల్లి దగ్గరి తండా గోప్యాది బండి. గుండాల దాటి అడవిబాటన పోయాం. దారి పొడుగునా అమ్మ కోడలితో మాట్లాడలేదు. నాకు లోపల ఒకటే ఆలోచన. మనిషి లావైతే మొక్కు పెద్దదవుతుందా? తల్లి మనిషిని చూస్తుందా, తూకాన్నా? పెద్దగా చదువుకోనివాణ్ని, నాకు తేలలేదు. తప్పయితే క్షమించమని దండం మాత్రం పెట్టుకున్నాను.

ఒక వాగు ఇసుకలో బండి కూరుకుపోయింది. గోప్యా ఎద్దుల మెడలు నిమిరి చూసి, "బరువు దించాలె సమ్మన్నా, లేకుంటే ఇరుసు విరుగుతది," అన్నాడు. నేనూ అతనూ చక్రాల దగ్గర పడ్డాం. భద్రమ్మ చీర బిగించి, తలమీద చుట్టకుదురు పెట్టుకుని, బెల్లం ముద్దలు నెత్తికెత్తుకుంది. మోకాలి లోతు నీళ్లు, కింద జారే ఇసుక. ఒకసారి పోయి వచ్చింది. రెండోసారి. మూడోసారి. నాలుగోసారికి బెల్లమంతా అవతలి గట్టు మీదుంది. అప్పుడు వెనక్కి వచ్చి మా అమ్మ ముందు నిలబడింది.

"చెయ్యియ్యి అత్తా."

పోయిన జాతరకు ఇదే వాగులో ఉత్త చేతులతో దాటుతూ భద్రమ్మ మధ్యలో ఆగిపోయింది. రొప్పుతుంటే మా అమ్మే పట్టుకుని గట్టెక్కించింది. ఈసారి కోడలి భుజం పట్టుకుని అమ్మ దాటింది. గట్టెక్కాక రొప్పింది అమ్మే. ఊపిరి తీసుకుంటూ భద్రమ్మ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"ఆయాసం లేదా నీకు?" అని అడిగింది. రెండు రోజుల్లో అదే మొదటి మాట.

"లేదత్తా."

"తలనొప్పి?"

"ఏడాదాయె."

అమ్మ తడిసిన కొంగు పిండుకుంది.

మేడారంలో జనం ఇసుకేస్తే రాలనంత ఉన్నారు. గద్దె ముందు మా పక్కన ఎవరో కలిగినవాళ్లు, "మా కోడలిది ఎనభై కిలోల బంగారం!" అని గట్టిగా చెప్పుకుంటున్నారు. భద్రమ్మ తలవంచుకుంది. అమ్మ చెప్పకపోతే మొక్కు తీరదు. నేను అమ్మను అడగడానికి నోరు తెరిచాను. అంతలోనే అమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ఎనభై కిలోలవాళ్లకు కూడా వినపడేటట్టు అరిచింది.

"తల్లీ సమ్మక్కా! ఇది నా కోడలు భద్రమ్మ. యాభై రెండు కిలోలు! ఇద్దరు పిల్లల తల్లి, ఎన్ని పండుగలొచ్చినా ఒళ్లు కాసుకుంది. నువ్విచ్చిన పాణాన్ని పాడుచేసుకోలే. తన నిలువెత్తు తనే మోసుకొచ్చి నీకిస్తంది, తీస్కో!"

పక్కావిడ తిరిగి భద్రమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. "మొత్తం నువ్వే మోసినవా బిడ్డా?"

భద్రమ్మ జవాబు చెప్పేలోపే మా అమ్మ అందుకుంది.

"అవ్, వాగు దాటించింది! నన్ను గూడ!"