కిటికీ కింద పసుపూ ఊదా

చెంచా మూడోసారి అద్దానికి తగిలింది. వెర్నా తలెత్తలేదు. మోకాళ్ళ కింది రబ్బరు చాపను కాస్త జరుపుకుని, సీడమ్ మొక్కల మధ్య మొలిచిన గడ్డిని వేళ్ళతో పెకలించి బకెట్లో వేసింది.

"పిలుస్తుంటే వినపడట్లా? చెవుడొచ్చిందా?" సగం తెరిచిన కిటికీలోంచి, దోమల జాలీ వెనక నుంచి ఆమె అక్క ఆర్డిస్ గొంతు.

"వినపడుతోంది. అందుకే తలెత్తట్లేదు."

"ఆ పసుపేంటే? దాని పక్కన ఆ ఊదా ఏంటే? పొద్దున్నే కళ్ళు తెరిస్తే సర్కస్ డేరా ముందు పడుకున్నట్టుంది."

"కళ్ళు మూసుకో."

"మూసుకునే రోజు ఎలాగూ వస్తుంది. తొందరపెట్టకు."

విస్కాన్సిన్‌లో లూథరన్ చర్చి వాళ్ళు నడిపే ఆ వృద్ధాశ్రమంలో వెర్నా తోటపని చేస్తుంది. వయసు అరవై ఎనిమిది. కుడిచేతి బొటనవేలు వంగదు. మొక్కజొన్న డబ్బాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మూతల యంత్రం దగ్గర నిలబడింది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. మూడేళ్ళ కింద ఆర్డిస్ తుంటి ఎముక విరిగి ఈ గదికి వచ్చింది. ఆ నెలలోనే వెర్నా ఈ కిటికీ కింద గడ్డి తవ్వేసింది. తవ్వమని ఎవరూ చెప్పలేదు.

వెనక వరసలో గోల్డెన్‌రాడ్, నడుమెత్తున, పసుపు కంకులతో. దాన్ని ఆనుకుని ఊదా ఆస్టర్లు. ఆస్టర్ల కింది ఆకులు ఆగస్టు దాటేసరికి ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ ఎండిన కాళ్ళు కనపడకుండా ముందు సీడమ్ పెట్టింది. దాని పూల గుత్తులు గులాబీ నుంచి ఇటుక రంగుకు మారుతున్నాయి. సందుల్లో సన్నగడ్డి. చలి తగిలేకొద్దీ అది రాగిరంగు తేలుతుంది. జూలై నాలుగు స్వాతంత్ర్య పండగ దాకా ఆస్టర్ల కొసలు తుంచింది. ఆ తర్వాత ముట్టుకోలేదు. ముట్టుకుంటే మొగ్గలు విచ్చేలోపే మంచు కాటేస్తుంది. ఇవాళ్టికి ఆస్టర్లు సగమే విచ్చాయి. ఇంకో వారం కావాలి. ఆ వారం కోసమే వెర్నా ఏడాదంతా వంగి పనిచేసింది.

పదహారేళ్ళప్పుడు కౌంటీ జాతరలో డాన్సుకు వెళ్ళడానికి తను ఒక గౌను కుట్టుకుంది. పసుపు గౌను, ఊదా నడుంపట్టీ. ఆర్డిస్ అప్పటికే ఊళ్ళో పరదాల కొట్టులో పనిచేసేది. ట్రక్కులో ఎక్కి కూర్చున్న కుర్రాళ్ళందరి ముందూ నవ్వింది. "నీకు రంగులు తెలీవే. పోయి మార్చుకో" అంది. వెర్నా బూడిదరంగు గౌను వేసుకుని వెళ్ళింది. ఎవరూ డాన్సుకు పిలవలేదు. ఆ తర్వాత పెళ్ళయింది, ఇల్లు కట్టుకుంది. గోడలకు ఏ రంగు వేయిద్దామని భర్త అడిగితే తెలుపనే చెప్పింది.

పదింటికి మేనేజర్ కైల్ వచ్చాడు.

"వెర్నా, ఆ గోల్డెన్‌రాడ్ ఇవాళ కోసేయండి. ఆదివారం కుటుంబాలొస్తున్నాయి. దానివల్ల లోపల తుమ్ములొస్తున్నాయని ఫిర్యాదు."

"తుమ్ములు దానివల్ల కాదు. రోడ్డవతల కాలవ గట్టున పెరిగే రాగ్‌వీడ్ కలుపు వల్ల."

"నాకూ తెలుసు. మా అమ్మ ఏటా అదే చెబుతుంది. కానీ కనపడేది ఇదే కదా."

"కనపడుతుందని కోసేస్తారా? ఎవరు చేశారు ఫిర్యాదు?"

"అది చెప్పకూడదు." అతను కిటికీ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. వెర్నా అది గమనించింది.

అతను వెళ్ళగానే షెడ్డులోంచి పెద్ద కత్తెర తెచ్చుకుని నేరుగా జాలీ ముందుకు వెళ్ళింది.

"తృప్తిగా ఉందా? మూడేళ్ళు తిట్టినా పోలేదని ఆఫీసుకు ఎక్కావా?"

"నేనా?" ఆర్డిస్ కుర్చీలో ముందుకు జరిగింది. "నీ మొహాన అనగలిగింది ఆ కుర్రాడి చెవిలో ఎందుకు ఊదుతానే? పక్కగది హాల్వర్సన్ ముసలమ్మ అయ్యుంటుంది. పొద్దస్తమానం ముక్కు చీదుతూ ఉంటుంది."

"ఎవరైతేనేం. కోసేస్తున్నా. ఇక ఊదా ఒక్కటే ఉంటుంది. సుఖంగా చూసుకో."

ఆర్డిస్ జాలీ దగ్గరికి మొహం తెచ్చి పూలవైపు చూసింది.

"ఒక్క ఊదానా? చావింటి పరదాలా ఉంటుంది. కోయకు."

"నీకు పసుపు పడదుగా!"

"పడదు. అయినా కోశావో, చూడు."

"జాతర రోజున ఈ మాట అనుంటే సరిపోయేది."

"ఆ గౌనా? నడుం దగ్గర కుట్టంతా ముడతలు. అదే అన్నాను నేను."

"రంగే అన్నావు. అందరిముందూ అన్నావు."

"అన్నానేమో. ఇంకా పట్టుకు వేలాడుతున్నావా? పో, భోజనం తెస్తారు. తిని పడుకోవాలి." చెంచాతో అద్దాన్ని ఒక్కటి కొట్టింది. "కోయకు."

వెర్నా బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తింది. రుచి తెలియలేదు. అన్నానేమో! యాభై ఏళ్ళు మోసినదానికి అదీ జవాబు. కత్తెర ఒళ్ళో ఉంది. లేచి దాన్ని షెడ్డులో కొక్కేనికి తగిలించి, తలుపుకు తాళం వేసింది.

మధ్యాహ్నం కైల్ పచ్చిక మీద నడిచి వస్తుంటే చూసి, మొక్కలకు అడ్డంగా నిలబడింది. అతను నోరు తెరవకముందే అంది:

"కోయను. ఈ ఉద్యోగం నువ్వే ఉంచుకో."

అతను టోపీ తీశాడు.

"దానికోసం రాలేదు, వెర్నా. లోపలికి రండి."

ఆర్డిస్ కుర్చీలోనే ఉంది. తల ఒక పక్కకు ఒరిగింది. ఆయా జోలీన్ ఆమె ఒళ్ళో దుప్పటి సర్దుతోంది.

"ట్రే తీయడానికి వచ్చి చూశాను. నిద్రలోనే పోయారు" అంది.

"పడుకోవాలి అంది నాతో" అంది వెర్నా. "మాట తెగకుండానే పడుకుంది. ఎప్పుడూ అంతే. చివరి మాట తనదే కావాలి."

జోలీన్ దుప్పటి వదిలేసింది. "ఏప్రిల్లో సరస్సు వైపు పెద్దగది ఖాళీ అయింది. రెండుసార్లు అడిగాం. వెళ్ళనన్నారు. 'నేను అటు పోతే దాన్ని తిట్టేదెవరు?' అన్నారు."

వెర్నా ఆ కుర్చీ వెనక నిలబడి బయటికి చూసింది. మూడేళ్ళలో ఈ వైపు నుంచి చూడడం ఇదే మొదలు. ఇక్కణ్ణించి ఆస్టర్ల ఎండిన కాళ్ళు కనపడవు.

"ఆ మొక్కల సంగతి..." గుమ్మంలో కైల్ గొంతు సవరించుకున్నాడు. "ఈ వారానికి ఉండనివ్వండి."

"వారం కాదు" అంది వెర్నా, వెనక్కి తిరక్కుండా. "మంచు పడేదాకా ఉంటాయి. ఎవడు కత్తెర పట్టుకొస్తాడో రమ్మను."

జోలీన్ ట్రే తీసుకుంది. వెర్నా వాళ్ళమ్మ నాటి ఆ చెంచా దానిమీద లేదు. కిటికీ గట్టు మీద ఉంది. అద్దానికి తగిలి తగిలి కొన దగ్గర వెండిపూత అరిగిపోయింది. కింద ఇత్తడి పసుపుగా తేలింది.