నిమ్మకాయకు లొంగిన ఇరుసు

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో ఆనందం సైకిలంగడికి వచ్చే ఆఖరి సైకిలు బండల పాలిష్ ఫ్యాక్టరీ సోమన్నదేనని అందరూ అనుకున్నారు. ముప్పై ఏళ్లు పానా పట్టిన ఆనందం చేతులకు ఏడాదిగా వణుకు. సెల్‌ఫోన్లమ్మే వేణుగోపాల్ ఆ గదిని అడుగుతున్నాడు. ఇచ్చేదీ లేనిదీ ఆనందం ఈ సాయంత్రం ఫోనులో చెప్పాలి. ఐటీఐలో ఫిట్టరు చదివిన కూతురు భువన మాత్రం, "అంగడి నాకియ్యి నాయనా" అని నెలరోజులుగా చెవిలో జోరీగలా పోరుతోంది.

ఆ పోరు పడలేక ఆనందం సోమన్న సైకిలు వెనకచక్రం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఈ ఇరుసు కొయ్యకుండా, పగలగొట్టకుండా తియ్యి. తీసినాంక సరిగ్గా బిగించు. అంగడి నీదే. చాతగాకుంటే వేణుగోపాల్‌కి ఊ అంటా."

చక్రాన్ని చూడగానే భువనకు సరదా పుట్టింది. ఆ పిల్ల తీరే అంత, చెడిపోయిన వస్తువు కనిపిస్తే పండగ. అయితే ఇరుసు మొండిది. ఇటు తిప్పినా అటు తిప్పినా కదలలేదు. పొద్దున్నే పోసిన కిరసనాయిలు తాగి కూడా ఉలుకూ పలుకూ లేదు. సుత్తె ఎత్తబోయి ఆగింది. తుప్పయితే ఎర్రగా ఉండాలి కదా, ఇరుసు చుట్టూ తెల్లగా ఉందేమిటి?

గోటితో గీకింది. రాయిలా గట్టిగా ఉంది.

"సోమన్నా, సైకిలు యాడ పెడతావు?"

"యాడ పెడతానమ్మా, మా పాలిష్ మిషన్ పక్కనే. బండలు అరిగిన నీళ్లు చక్రాల కిందే పారతాంటాయి" అన్నాడు సోమన్న. రాత్రి డ్యూటీకి నడిచిపోతే ఐదు మైళ్లు, అందుకే గడప దగ్గరే కూర్చున్నాడు.

అదీ సంగతి! లోపలికి దిగింది తుప్పు కాదు, బండపొడి. తడిసి, ఎండి, రాయైంది. రాయికి కిరసనాయిలు ఏం చేస్తుంది?

మరి రాయిని ఏది కరిగిస్తుంది? భువన కాసేపు పానాతో గడ్డం గోక్కుంది. అప్పుడు జ్ఞాపకమొచ్చింది, నాయనను కన్న జేజి వెంకటలక్ష్మమ్మ తిట్లు. ఊరగాయ పెట్టే రోజు నాపబండల నేలమీద ఒక్క చుక్క పడితే చాలు, "నిమ్మకాయ రసం బండ మింద పోసినావంటే మచ్చ పడతాది, నీ మొగం మాడ!" అని ఇల్లు పీకి పందిరేసేది. ఈ ఊళ్లో ఆ తిట్టు తినని ఆడపిల్ల లేదు. మచ్చ పడిందంటే పులుపు బండను తిన్నట్టే కదా!

నాలుగు నిమ్మకాయలు తెచ్చి ఇరుసు మీద పిండింది. బుసబుసమని నురగ వచ్చింది. సోమన్న నోరు తెరిచాడు. ఆనందం మాత్రం ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు చూశాడు. తుడుస్తూ, మళ్లీ పిండుతూ గంటసేపు ఓపిక పట్టాక పానా పట్టి తిప్పితే, కీచుమని ఇరుసును పట్టి ఉంచే కోను కదిలింది. భువన ఎగిరి గంతేసింది.

నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొత్త బేరింగు గుండ్లు పేర్చి, గ్రీజు పట్టించింది. కసి కొద్దీ కోను బిగించింది. తిప్పితే చక్రం గరగరమని రెండు చుట్లు తిరిగి ఆగింది.

"నాయనా, ఇంత గట్టిగా బిగిచ్చినా ఏంటికిట్ల?"

ఆనందం నువ్వే చూసుకో అన్నట్టు చక్రం వైపు గడ్డం ఎగరేశాడు. చెబితే పందెం పోతుందని కాదు. చూసి తెలుసుకోనిది చేతికి రాదని అతని నమ్మకం.

భువన కోను కొంచెం వదులు చేసింది. గరగర పోయింది కానీ చక్రం పట్టుకు ఊపితే వెంట్రుకంత ఆడుతోంది. సరే చూద్దామని అట్లాగే సైకిలుకు ఎక్కించి, ఇరుసు రెండు చివరలా పైనట్లు బిగించింది. మళ్లీ ఊపింది. ఆట లేదు! ఇంకోసారి విప్పి, బిగించి చూసింది. పైనట్టు బిగిసేకొద్దీ కోను తనంతట తానే లోపలికి ఒదుగుతోంది. ముందే ఆ కాస్త వదులు ఉంచాలన్నమాట.

ఆనందం లేచి వచ్చాడు. వణికే చేత్తో చక్రం తిప్పి, గాలి కొట్టే వాల్వు పక్కకు వచ్చేట్టు ఆపి, వదిలేశాడు. వాల్వు బరువుకే చక్రం మెల్లగా కిందికి తిరిగింది. అటూ ఇటూ ఉయ్యాలూగి నిలబడింది. బిగింపు సరిగ్గా కుదిరితేనే అట్లా ఊగుతుంది. భువన తండ్రి ముఖమే చూస్తోంది.

అంతలో ఫోను మోగింది. అవతల వేణుగోపాల్.

"లేదప్పా," అన్నాడు ఆనందం, కళ్లు చక్రం మీంచి తిప్పకుండా. "గది ఖాళీ లేదు. ఈడ మా మేస్త్రి పని చేస్తాండాది."