విప్పం

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఎవరూ కాదనరు. కాదనాల్సొస్తే "చూద్దాంలే సార్" అంటారు. ఆవిరి ప్రెస్సు దగ్గర పద్దెనిమిదేళ్లుగా నిలబడ్డ, అందరూ ఆవిరక్క అని పిలిచే ఆమె కూడా అంతే.

వాళ్లమ్మ కాలంలో ఇలా లేదు. ఇదే తడి గచ్చు మీద నిలబడి "చెయ్యం" అనేది. తర్వాతి వాళ్లు "కుదరదండీ" అన్నారు. ఆపైన "కొంచెం కష్టమండీ". అక్క తరానికి అది "చూద్దాం"గా నీరుగారింది. మెత్తబడ్డ మాట ఎవరికి పనికొస్తుంది? ఎదుటివాడికే. పాత సూపర్‌వైజరైతే ఆ "చూద్దాం" అర్థం చేసుకుని, తల గోక్కుంటూ వెళ్లిపోయేవాడు. కొత్తాయన విన్నది విన్నట్టే రాసుకుంటాడు.

పోయిన వారం ఆయనొచ్చి, ప్రతి ప్రెస్సు ముందూ ఉండే ఇనప కడ్డీ తీసేద్దామన్నాడు. ఆ కడ్డీ దిగితేనే పైమూత దిగుతుంది. చెయ్యి లోపలుంటే కడ్డీ దానికి తగిలి ఆగిపోతుంది, మూతా దిగదు. అది లేకపోతే పని జోరుగా సాగుతుందట. అందరూ "చూద్దాంలే సార్" అన్నారు. ఆయన కాగితం మీద 'అందరూ ఒప్పుకున్నారు' అని రాసేసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే స్పానరుతో దిగాడు. ఎవరి కడ్డీ వాళ్లే విప్పాలట. స్పానరు తెచ్చి ముందుగా అక్క చెల్లెలి చేతిలో పెట్టాడు.

చెల్లెలు చేరి మూడు నెలలు. మడత సర్దుతూ చెయ్యి లోపలే మరిచిపోయే అలవాటు ఇంకా పోలేదు. రోజుకి రెండుసార్లన్నా కడ్డీ ఆగుతుంది, అక్క తిడుతుంది.

"నావైపు చూస్తావేంటే? చెప్పు ఆయనకి," అంది అక్క.

"ఏం చెప్పనే? చూద్దామన్నది నువ్వేగా."

అక్క వెళ్లి స్పానరు లాక్కుని బల్ల మీద పెట్టింది.

"విప్పం," అంది.

"ఇవాళ విప్పరా, ఈ వారమంతానా?"

"ఇవాళా విప్పం, రేపూ విప్పం. దానికి గడువుండదు సార్."

"మొన్న ఒప్పుకున్నారుగా."

"మొన్న చూద్దామన్నాం. చూశాం."

పక్క ప్రెస్సు పెద్దమ్మ, ఏనాడూ నోరెత్తని మనిషి, చేతులు కట్టుకుని "నేనూ విప్పను" అంది. తడిబట్టలు మోసే అతను బుట్ట కింద పెట్టి "విప్పం" అన్నాడు. మడతల బల్ల దగ్గర్నించి మరో ముగ్గురు. బయట ఆసుపత్రి వ్యాను హారను కొడుతోంది. లోపల ఒక్క మూతా దిగడం లేదు.

సూపర్‌వైజరు కాగితం తీసి పాత ముక్క కొట్టేశాడు. "ఏమని రాయమంటారు?"

"విప్పం అని. ముందూ వెనకా ఏమీ తగిలించకండి."

రాశాడు.

పదిన్నరకి చెల్లెలి కడ్డీ సగంలో ఆగింది. లోపల అయిదు వేళ్లూ ఉన్నాయి. అక్క గదంతా వినపడేలా తిట్టింది. ఆ గొంతు అచ్చం అమ్మదే.