ఏడు పొరల టోనర్

టోనర్ అంటే ఏమిటో ఆ కంపెనీలో నిజంగా తెలిసిన మనిషి ఒక్కతే, ల్యాబ్‌లో దాన్ని కలిపే ఆమె. నీళ్లు, కాస్త గ్లిసరిన్, గులాబీ వాసన, చల్లగా తగిలి చప్పున ఆరిపోవడానికి ఆల్కహాల్. ముఖం కడుక్కున్నాక దూదితో ఒకసారి అద్దుకుంటే జిడ్డు చర్మం వాళ్లకు హాయిగా ఉంటుంది. అంతకు మించి అందులో మహత్తేమీ లేదు. అది కొనుక్కుని అద్దం ముందు అరగంట నిలబడేవాళ్లంటే ఆమెకు చిన్నచూపు. ఉత్త నీళ్లు సీసాలో పోసిచ్చినా కళ్లకద్దుకుంటారని భర్తతో అంటూ ఉండేది.

అంతకంటే ఎక్కువగా ఆమె ఈసడించుకునేది ప్రచార విభాగం పెద్దని. నోరు తెరిస్తే మెరుపు అనే మాట రాక మానదు కాబట్టి అందరూ అతన్ని వెనకాల మెరుపు సారు అనేవాళ్లు. రెండేళ్ల కిందటి దాకా అదే కంపెనీలో నేల తుడిచే ద్రావకం అమ్మాడు. అప్పుడు నేలకు మెరుపు, ఇప్పుడు ముఖానికి మెరుపు. మాట మార్చుకునే శ్రమ కూడా పడలేదు.

ఒక రోజు అతను ల్యాబ్‌కి వచ్చి, ఒక్కో సీసా నెలన్నర వస్తోందని, అలా అయితే జనం మళ్లీ ఎప్పుడు కొంటారని వాపోయాడు. విరుగుడు కూడా తనే కనిపెట్టాడు. పొద్దున ఏడు పొరలు, సాయంత్రం ఏడు పొరలు పూసుకోవాలి. ఆల్కహాల్ ఉన్న సరుకు అన్నిసార్లు పూస్తే పొడిచర్మం వాళ్లకు మంట పుడుతుందని, తోలు లేస్తుందని ఆమె చెప్పింది.

"పుట్టనీండి. మంటంటే పనిచేస్తోందని అర్థం, మానొద్దని ప్రచార వీడియోలో మీరే చెప్పండి. తెల్లకోటు వేసుకున్న మనిషి చెబితే ఇంకెవరూ అడగరు," అన్నాడతను.

ఆమె కాదనలేదు. ఎవరూ ఆమె మెడ మీద కత్తి పెట్టలేదు కూడా. నమ్మేవాళ్లు ఎలాగూ వెర్రివాళ్లే, నేను చెప్పకపోతే ఇంకొకరు చెబుతారు అనుకుంది. ఉతికిన కోటు తొడుక్కుని కెమెరా ముందు నిలబడి, ఇచ్చిన మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది.

ఆమె అత్తగారు ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. రంగు పోదని కొట్టువాడు ఒట్టేసి చెప్పినా, గుడ్డ మూల తడిపి చూస్తే గాని కత్తెర పెట్టని మనిషి. ముఖానికి సబ్బు తప్ప మరొకటి ఎరగదు. మందుబిళ్లల అట్ట మీది ఇంగ్లీషు కోడలే చదివిపెట్టేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆవిడ కోడలి వీడియో ఫోనులో చూపించి మురిసిపోయింది. మరి మీరు వాడుతున్నారా అని ఒకావిడ అడిగిందట. మర్నాడే అత్తగారూ మొదలుపెట్టింది. లేబుల్ వంకరగా అంటిందని కోడలు ఇంట్లో తెచ్చి పడేసిన సీసాలు ఉండనే ఉన్నాయి.

కోడలు పది రోజులకు గాని గమనించలేదు. అత్తగారి బుగ్గలు రెండూ కందిపోయి ఉన్నాయి. ముక్కు పక్కన తోలు పొట్టులా లేచింది. ఏమైందని అడిగితే ఆవిడ ఏమీ లేదంది. మిషను మీద ఖాళీ సీసా, దూది, పక్కన నల్ల గుడ్డముక్క మీద సుద్దతో గీసిన గీతలు. ఏడేసి గీతలు, వరసలు వరసలుగా.

"మండుతుంటే ఆపెయ్యాలి కదా అత్తయ్యా?"

"ఆపొద్దన్నావు కదమ్మా. నాలుగో పొరకే కళ్లల్లో నీళ్లొచ్చేవి. చదువుకున్నదానివి, ఊరికే చెప్పవులే అనుకున్నాను."

అది తప్పుడు మాటని, చెప్పేటప్పుడే తనకు తెలుసని కోడలు నానా తంటాలు పడి చెప్పింది. అత్తగారు గుడ్డముక్కను మడిచి పక్కన పెట్టింది.

"తెలిసే చెప్పావా?"

కోడలు ఆవిడను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ డాక్టరు అన్నీ మాన్పించి, ఉత్త నీళ్లతో కడుక్కోమని, ఒక లేపనం రాసిచ్చింది. మర్నాడు కోడలు మెరుపు సారు దగ్గరికి వెళ్లి వీడియో తీసేయమని అడిగింది. ముసలివాళ్ల తోలు ఎలాగూ అంతేనని, వాళ్ల కోసం వ్యాపారం ఆపుకుంటామా అని అతను నవ్వాడు.

ఆ వారమే డీలర్ల సమావేశం. అప్పుడే గీసుకున్న నున్నటి గడ్డంతో అతను ఏడు పొరల మహిమ వర్ణిస్తుంటే, ఆమె ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్లి సీసా, దూది అతని ముందు పెట్టింది.

"సార్, మీరే పూసుకుని చూపించండి. ఏడు పొరలు."

డీలర్లకు హుషారు పుట్టింది. ఒకాయన పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి పొరకి సారు నవ్వాడు. రెండో పొరకి చెవులు ఎర్రబడ్డాయి. మూడో పొర పూసుకుని, చాలా చల్లగా ఉందని చెప్పబోయి మధ్యలోనే ముఖం చిట్లించాడు. నాలుగో పొరకి కన్నీళ్లు గడ్డం దాకా కారాయి. సారుకి బాగా పనిచేస్తోందని వెనక వరసలో ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. అతను దూది పారేసి పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తాడు. కుళాయి చప్పుడు చాలాసేపు వినబడింది.

వీడియో తీసేశారు. సీసా మీద రోజుకు ఒకసారి అని వేశారు. సిగ్గుపడి కాదు, డీలర్లు సరుకు ఎత్తలేదు కాబట్టి. తర్వాతి సమావేశంలో మెరుపు సారు ఆ ఒక్కసారి అనేది తన ఆలోచనేనని చెప్పుకున్నాడు, దానికి మృదువైన మెరుపు అని పేరు కూడా పెట్టాడు. ఆమెను నేల ద్రావకం విభాగానికి పంపారు.

ఆమెది గుండె ధైర్యమని తోటివాళ్లు పొగిడారు. ఆ పొగడ్త ఆమెకు వెగటుగా ఉండేది. కందినవి ముక్కూ ముఖం తెలియనివాళ్ల బుగ్గలైతే తను కుర్చీలోంచి లేచేదే కాదని ఆమెకు తెలుసు.

అత్తగారి ముఖం రెండు నెలలకు మానింది. ఆవిడ కోడలిని ఒక్క మాట అనలేదు, వంటింట్లో ఎప్పటిలాగే కలిసి పనిచేస్తుంది. కాని ఇప్పుడు ఏ మందుబిళ్ల వేసుకోవాలన్నా, అట్ట చేత్తో పట్టుకుని, కోడలి గది దాటుకుని వెళ్లి పక్కింటావిడ చేత చదివించుకుంటుంది.